చౌఖంబా మంచు నదిలోకి ఎప్పుడు దిగుతుంది?

ఉత్తరాఖండ్‌లో గంగోత్రికీ బదరీనాథ్‌కీ నడుమ అడ్డుగోడలా నిలబడి ఉంటుంది చౌఖంబా. పేరుకు తగ్గట్టే నాలుగు స్తంభాలు, నాలుగు శిఖరాలు. అందులో ఎత్తైనది 7,138 మీటర్లు. ఊఖీమఠ్ నుంచో, తుంగనాథ్ నుంచో, దేవరియా తాల్ ఒడ్డు నుంచో ఒక్కసారి చూసినవాళ్లకు ఆ తెల్లగోడ ఇక మరుపున పడదు. ఫొటోలు అందరూ తీస్తారు. ఆ కొండ చేసే పని గురించి మాత్రం చాలామందికి తెలిసింది "గంగ అక్కడ పుడుతుంది" అన్న ఒక్క ముక్కే.

ఆ పని ఏమిటో చూద్దాం. కొండకు వాయవ్యాన పడ్డ మంచు గంగోత్రి హిమానీనదంలో చేరి, సుమారు 30 కిలోమీటర్లు నెమ్మదిగా జరిగి, గోముఖ్ దగ్గర భాగీరథిగా బయటపడుతుంది. తూర్పు వాలు మీద పడ్డది సతోపంథ్, భగీరథ్ ఖరక్ అనే రెండు హిమానీనదాల్లోకి దిగి, బదరీనాథ్‌కు ఎగువన అలకనంద అవుతుంది. దక్షిణానికి జారింది మధ్యమహేశ్వర్ గంగలో పడి మందాకినిని చేరుతుంది. మందాకిని రుద్రప్రయాగలో అలకనందను కలుస్తుంది, అలకనంద దేవప్రయాగలో భాగీరథిని కలుస్తుంది. అంటే ఒకే కొండ నెత్తిన దగ్గరదగ్గరగా పడ్డ మూడు మంచురేకలు మూడు లోయలు పట్టిపోయి, చివరికి దేవప్రయాగ మెట్ల ముందు మళ్లీ కలుసుకుంటాయి. ఆ తర్వాతే ఆ నీటికి గంగ అని పేరు.

ముందుగా మాటల సంగతి ఒకటి తేల్చుకోవాలి. మనకు పొగమంచూ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే, రాయిలా గడ్డకట్టిందీ మంచే. ఈ విషయంలో ఆ కలగాపులగం కుదరదు. ఇక్కడ మంచు అంటే ఆ ఏడాది కురిసి తెల్లగా పేరుకున్నది. ఐస్ అంటే ఏళ్ల తరబడి పొర మీద పొర పడి, బరువుకు అణిగి, లోపలి గాలి బుడగలుగా బిగుసుకుపోయి నీలంగా మారినది. నదికి రెండూ నీళ్లిస్తాయి. కానీ ఇచ్చే నెలలు వేరు, ఆగిపోయే కారణాలు వేరు. "హిమాలయాల్లో మంచు తగ్గుతోంది" అనే వార్తలో ఏది తగ్గుతోందో చెప్పకపోతే ఆ వార్త సగమే.

ఇప్పుడు ఎంత నీరో లెక్క వేద్దాం. కొత్తగా కురిసిన మంచులో ఎక్కువ భాగం గాలే. ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. కొన్ని వారాలకు అణిగి 200, 300 కిలోలకు వస్తుంది. వేసవి దాటి మిగిలిపోయి గరుకు రవ్వలా మారిన పాతమంచును ఫిర్న్ అంటారు, అది 400 పైమాటే. 830 దాటాక గాలి దారులన్నీ మూసుకుపోతాయి, అక్కడి నుంచి దాన్ని ఐస్ అనాలి. అందుకే "ఐదడుగుల మంచు పడింది" అంటే నీటి లెక్క ఏమీ తెలియదు. లోతును సాంద్రతతో గుణిస్తేనే తెలుస్తుంది. మీటరు లోతు, 300 కిలోల సాంద్రత అంటే 300 మిల్లీమీటర్ల నీరు. చదరపు కిలోమీటరుకు 30 కోట్ల లీటర్లు. వినడానికి చాలా ఎక్కువే. కానీ ఒక్క టీఎంసీ కావాలంటే అలాంటివి 94 చదరపు కిలోమీటర్లు కావాలి. గంగోత్రి హిమానీనదపు ప్రధాన కాండం సుమారు 140 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. దాని మీద సగటున మీటరు నీటికి సమానమైన ఐస్ కరిగితే వచ్చేది 5 టీఎంసీలు. దిగువన భాగీరథి మీదున్న టెహ్రీ జలాశయం మొత్తం సామర్థ్యం సుమారు 125 టీఎంసీలు. పక్కపక్కన పెట్టి చూడండి.

దేవప్రయాగ దగ్గర ఏడాది ప్రవాహంలో మంచూ ఐసూ కరిగి వచ్చే వాటా దాదాపు 30 శాతమని జలశాస్త్రజ్ఞుల అంచనా. మిగతాది వాన, భూగర్భజలం. మైదానంలోకి దిగి, యమునా ఘాఘ్రా లాంటి ఉపనదులు కలిసి, నైరుతి వానలు ముంచెత్తాక ఆ వాటా బాగా పలచబడిపోతుంది. కాబట్టి "హిమానీనదాలు కరిగిపోతే గంగ ఎండిపోతుంది" అనే మాట నిలబడదు. అలాగని కొండను తీసిపారేయడమూ తప్పే. ఎందుకంటే కొండ ఇచ్చే నీటికి విలువ పరిమాణంలో కన్నా తేదీలో ఉంది. మన గోదావరికీ కృష్ణకూ పుట్టుకలో మంచు లేదు. వానే ఆధారం. ఏప్రిల్, మే నెలల్లో జలాశయాలు వదిలితే తప్ప ఇసుక తేలడం మనకు తెలిసిన దృశ్యమే. అవే నెలల్లో భాగీరథిలో నీటిమట్టం రోజురోజుకీ పెరుగుతుంది. నీళ్లు బొత్తిగా దొరకని రోజుల్లో దొరికే నీరది.

ఆ తేదీలు ఎలా ఏర్పడతాయో వివరంగా చూడాలి.

డిసెంబరు నుంచి మార్చి దాకా మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ గాలివానలు, వాతావరణ శాఖ భాషలో పశ్చిమ అలజడులు, ఇక్కడ మంచు కురిపిస్తాయి. ఒక్కొక్కటి రెండు మూడు రోజులు ఉండి పోతుంది. బాగా ఎత్తున జులై, ఆగస్టుల్లో నైరుతి రుతుపవనాలు కూడా మంచునే తెస్తాయి. అయితే వసంతంలో కింది లోయలకు నీళ్లిచ్చేది ప్రధానంగా చలికాలపు మంచు. అందులోనూ అది ఏ నెలలో పడిందన్నది ముఖ్యం. జనవరిలో పడ్డ మంచుకు అణగడానికి, గట్టిపడడానికి, పైన మరిన్ని పొరలు కప్పుకోవడానికి టైముంటుంది. మార్చి చివర్లో అంతే మంచు పడితే, అది వెచ్చటి నేల మీద పడి, ఎండ ముదిరేలోపే కరిగి పోతుంది. రెండు సంవత్సరాల మొత్తం ఒకటే అయినా మే నెల నీళ్లు ఒకటి కావు.

మార్చిలో రెండు రోజులు ఎండ కాయగానే నదిలో నీళ్లు పెరగవు. మంచుపొర ముందు తన లోపలి చలి తీర్చుకోవాలి. మీటరు లోతు, 300 మిల్లీమీటర్ల నీరున్న పొర సగటున మైనస్ 5 డిగ్రీల్లో ఉందనుకుందాం. పైన కరిగిన నీరు లోపలికి ఇంకి అక్కడి చలికి మళ్లీ గడ్డకడుతుంది. ఆ గడ్డకట్టేటప్పుడు వదిలే వేడితోనే పొర మొత్తం సున్నాకు వస్తుంది. ఇందుకు సుమారు 9 మిల్లీమీటర్ల నీరు ఖర్చవుతుంది. ఆపైన తడి స్పాంజిలాగా మంచు తన రంధ్రాల్లో మరో 30 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. అంటే మొదటి 40 మిల్లీమీటర్లు కొండ దిగవు. రోజుకు 10 మిల్లీమీటర్లు కరుగుతుంటే నాలుగు రోజులు నదిలో కదలిక కనిపించదు, ఐదో రోజు నుంచి ఒక్కసారిగా మొదలవుతుంది. ఈ ఆలస్యం లెక్కలోకి తీసుకోని అంచనాలు ప్రతి వసంతంలోనూ తప్పుతాయి.

కరగడానికి పట్టే వేడి కూడా మామూలుగా ఊహించేదానికన్నా చాలా ఎక్కువ. సున్నా డిగ్రీల్లో ఉన్న కిలో ఐస్‌ను సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి 334 కిలోజౌళ్లు కావాలి. అదే వేడితో ఆ కిలో నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఆ వేడిలో ఎక్కువ పాలు ఎండ నుంచే వస్తుంది. కొత్తమంచు మీద పడ్డ ఎండలో 80 శాతానికి పైగా తిరిగి ఆకాశంలోకి పోతుంది. పాతబడి గింజకట్టిన మంచు సగమే తిప్పికొడుతుంది. మట్టిపట్టిన ఐస్ అయితే 20, 30 శాతమే. అందుకే జూన్‌లో ఒక గంట కురిసిన పలచటి కొత్తమంచు కూడా రెండు రోజులపాటు నదిని తగ్గించగలదు. ఎడారి ధూళి, అడవి మంటల మసి పైన పడితే కథ తిరగబడుతుంది.

ఇంకొక నష్టం ఉంది, దాన్ని సాధారణంగా ఎవరూ లెక్కపెట్టరు. శిఖరం దగ్గర గాలి పొడిగా, జోరుగా ఉంటుంది. అక్కడ మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది. చౌఖంబా నెత్తి మీద తెల్లజెండాలా ఎగిరే మంచుపొగను చూసి మురిసిపోతాం. అందులో కొంత పక్కవాలు మీద పడుతుంది, కొంత ఏ నదికీ చేరదు.

రోజుకు ఎంత కరుగుతుందో చేత్తోనే అంచనా వేయొచ్చు. రోజు సగటు ఉష్ణోగ్రత సున్నాకు పైన ఎన్ని డిగ్రీలుంటే, ఒక్కో డిగ్రీకి మంచు అయితే 3 నుంచి 5 మిల్లీమీటర్లు, ఐస్ అయితే 6 నుంచి 8 మిల్లీమీటర్లు. మంచుకన్నా ముదురు రంగులో ఉండి ఎండను ఎక్కువ పీల్చడం వల్ల ఐస్‌కు ఆ అంకె పెద్దది. 100 చదరపు కిలోమీటర్ల మంచు, 5 డిగ్రీల సగటు, డిగ్రీకి 4 మిల్లీమీటర్లు వేసుకుంటే రోజుకు 20 మిల్లీమీటర్లు. ప్రవాహంగా చూస్తే దాదాపు 800 క్యూసెక్కులు.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందంటే, పై ఎత్తుల్లో ఉష్ణోగ్రత వేసుకునే దగ్గర. పుస్తకాల్లో కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గుతుందని ఉంటుంది. గంగోత్రి ఊరు సుమారు 3,100 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ 13 డిగ్రీలుంటే, ఆ సూత్రం ప్రకారం సున్నా గీత 5,100 మీటర్ల దగ్గర ఉండాలి. కానీ రుతుపవనాల తేమ ఉన్న రోజుల్లో ఆ తగ్గుదల కిలోమీటరుకు 5 డిగ్రీలకు రావచ్చు. అప్పుడు సున్నా గీత 5,700కు ఎక్కుతుంది. ఆ 600 మీటర్ల పట్టీలో హిమానీనదాల విశాలమైన గిన్నెలున్నాయి. పొడి నెలల అంకెనే ఆగస్టుకూ వేస్తే, కరిగే విస్తీర్ణం చాలా తక్కువగా తేలుతుంది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా నడిచేది ఎక్కువగా మంచు నీరు. మంచుగీత పైకి జరిగే కొద్దీ కింది నుంచి ఐస్ బయటపడుతుంది. జులై, ఆగస్టుల్లో వానా ఐసూ కలిసి నది ఏడాదిలోకెల్లా ఉధృతంగా ఉంటుంది. సెప్టెంబరులో వానలు వెనుదిరిగాక ఐస్ ఇంకా ఇస్తూనే ఉంటుంది. అక్టోబరు, నవంబరులకు ఎగువ లోయల్లో ప్రవాహం సన్నబడుతుంది. జనవరిలో గోముఖ్ నుంచి వచ్చే ఆ కొద్దిపాటి నీరు హిమానీనదపు అడుగున భూమి వేడికి, రాపిడికి కరిగింది, లోపలి సందుల్లో నిలిచి మెల్లగా జారేది. చలికాలంలో నది పారదర్శకంగా ఆకుపచ్చగా కనిపిస్తుందంటే, హిమానీనదం అరగదీసే పిండిలాంటి రాతిపొడి అప్పుడు అందులో లేదన్నమాట.

రోజు లోపల కూడా ఇలాంటి లయ ఉంటుంది. ఎగువన ఉన్నవాళ్లకు ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి. ఎండ మధ్యాహ్నం ముదురుతుంది, నీరు ఐస్ మీది కాలువల్లోంచి, గొయ్యిల్లోంచి, అడుగు సొరంగాల్లోంచి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకని హిమానీనదం ముక్కు, అంటే అది ముగిసే కింది కొస, దగ్గరి వాగుల్లో నీరు సాయంత్రానికి గరిష్ఠమవుతుంది, తెల్లవారుజామున కనిష్ఠం. గంగోత్రి నుంచి 18 కిలోమీటర్లు నడిచి గోముఖ్ వెళ్లేవాళ్లు దారిలోని వాగులు ఉదయమే దాటేయాలి. ఉదయం మోకాలి లోతున్న వాగు నాలుగింటికి నడుముదాకా రావచ్చు, నీరు బూడిదరంగులో ఉంటుంది కాబట్టి అడుగు కనిపించదు. ఎండ తగిలాక రాత్రి గడ్డకట్టి పట్టి ఉంచిన రాళ్లు ఊడిపడడం మొదలవుతుంది. గోముఖ్ గుహ ముందుకు పోయి నిలబడడం ఏ వేళా మంచిది కాదు. పైనుంచి విరిగిపడే ఐస్ ముక్కలు ముందుగా చెప్పి రావు.

ఇక ఐస్ విషయం. గంగోత్రి హిమానీనదపు కింది భాగం చూసి చాలామంది నిరాశపడతారు. తెల్లగా ఉంటుందనుకుంటే అంతా రాళ్లూ మట్టీ. ఆ రాళ్లే నీటి లెక్కను మారుస్తాయి. రెండు సెంటీమీటర్లలోపు పలచటి దుమ్ము ఉంటే ఎండను పీల్చి కింది ఐస్‌ను ఇంకా వేగంగా కరిగిస్తుంది. అంతకు మించి మందం పెరిగే కొద్దీ గొంగళి కప్పినట్టు వేడిని ఆపుతుంది. అర మీటరు రాళ్ల కింద ఐస్ చాలా నెమ్మదిగా కరుగుతుంది. కానీ ఆ రాళ్లపొర మధ్యలో అక్కడక్కడా నిటారు ఐస్ గోడలూ, చిన్న కొలనులూ ఉంటాయి. అవి విస్తీర్ణంలో కొద్దే అయినా కరిగించేది ఎక్కువ. కొలను నీరు ఎండకు వెచ్చబడి గోడ అడుగును తొలిచేస్తుంది, గోడ కూలుతుంది, కొలను పెద్దదవుతుంది.

జె.బి. ఆడెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1935లో గోముఖ్ పటం గీశారు. అప్పటి నుంచి ముక్కు సగటున ఏడాదికి సుమారు 20 మీటర్ల చొప్పున వెనక్కి జరుగుతూ వచ్చింది. ఒకప్పుడు కాండానికి అతుక్కుని ఉన్న చతురంగి లాంటి ఉపహిమానీనదాలు విడిపోయాయి. పత్రికలు ఈ "వెనక్కి ఎన్ని మీటర్లు" అనే అంకెనే పట్టుకుంటాయి. నా దృష్టిలో నీటి విషయంలో అది బలహీనమైన కొలత. రాళ్లు కప్పిన ముక్కు ఉన్నచోటే ఉంటూ, పైన ఐస్ ఏటా పలచబడిపోవచ్చు. నదికి కావలసింది ఐస్ ఘనపరిమాణం, ముక్కు చిరునామా కాదు. మరో సంగతి, ఐస్ తరిగే దశలో మొదట నదికి నీళ్లు పెరుగుతాయి, ఆ తర్వాతే తగ్గుతాయి. గంగ ఎగువ ప్రాంతంలో ఆ మలుపు ఈ శతాబ్దం మధ్య ప్రాంతంలో రావచ్చని కంప్యూటర్ నమూనాలు చెబుతున్నాయి. కాబట్టి ఇప్పుడు వేసవిలో నీళ్లు బాగున్నాయని నిశ్చింతగా ఉండకూడదు. అది దాచిన అసలులోంచి తీసి ఖర్చు పెడుతున్న డబ్బు కావచ్చు.

కొలవడం ఎలాగో తెలిస్తే ఈ మాటలన్నీ గాల్లో తేలవు.

మంచు కొలవాలంటే గొయ్యి తవ్వాలి. గాలికి కొట్టుకుపోని, మరీ పేరుకోని చదునైన చోటు చూసుకుని, నేల తగిలేదాకా తవ్వి, నీడపడే వైపు గోడను నిలువుగా చెక్కాలి. ఎండ పడే గోడ కొలుస్తుండగానే మారిపోతుంది. పై నుంచి ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక థర్మామీటరు గుచ్చి, తెలిసిన ఘనపరిమాణం ఉన్న స్టీలు కోతపెట్టెను గోడలోకి అడ్డంగా నెట్టి, నిండిన మంచును తూచాలి. పెట్టె 500 ఘనపు సెంటీమీటర్లది, మంచు 150 గ్రాములు తూగితే, సాంద్రత 300. పెట్టెను గబుక్కున తోస్తే పొడిమంచు నలిగి ఎక్కువ బరువు చూపిస్తుంది. మధ్యలో ఐస్ పొర తగిలితే పెట్టె ముందు మంచు పక్కకు తప్పుకుని తక్కువ చూపిస్తుంది. అలాంటి పొరను విడిగా రంపంతో కోసి తూచడమే మేలు. గొయ్యి ఒకటే చాలదు, చుట్టూ సన్నటి గడ గుచ్చి ఇరవై ముప్పై చోట్ల లోతు చూడాలి. సాంద్రత చోటుచోటుకీ అంతగా మారదు, లోతు మాత్రం పదడుగులకే సగమవుతుంది.

ఐస్‌కు వెదురుగడలు. ఆవిరితో రంధ్రం చేసి ఏడెనిమిది మీటర్ల లోతున దించుతారు. ఐస్ కరిగే కొద్దీ గడ పైకి తేలుతుంది. జూన్ నుంచి సెప్టెంబరుకు 1.2 మీటర్లు తేలితే, 0.9తో గుణించి 1.08 మీటర్ల నీరు పోయిందని రాసుకోవాలి. గడ ఎండకు వేడెక్కి తన చుట్టూ గుంట చేసుకుంటుంది. అప్పుడు గుంట అడుగు నుంచి కాకుండా, చుట్టుపక్కల సగటు మట్టం మీద అడ్డపుల్ల పెట్టి కొలవాలి. రాళ్లపొర తీసి గడ దించాక, అదే మందంలో రాళ్లు తిరిగి పేర్చకపోతే ఆ ఏడాది అంకె పనికిరాదు. డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూవిజ్ఞాన సంస్థ డోక్రియానీ, చోరాబారీ హిమానీనదాల మీద ఇలాంటి కొలతలు ఏళ్లుగా తీస్తోంది.

వాగుల్లో నీరు కొలిచేందుకు ఉప్పు పద్ధతికి సాటి లేదు. రాళ్ల మీద ఎగిరిపడే నీటిలో కరెంట్ మీటరు నిలబెట్టలేం. ఆ అల్లకల్లోలమే ఉప్పును కలిపి పెడుతుంది. సెకనుకు ఒక ఘనపు మీటరు ఉండొచ్చనిపిస్తే రెండు కిలోల మెత్తటి ఉప్పు తూచి, బకెట్ నీటిలో పూర్తిగా కరిగించాలి. వాగు వెడల్పుకు కనీసం 25 రెట్ల దూరం దిగువన విద్యుత్ వాహకత మీటరు పెట్టి, ముందున్న అంకె రాసుకుని, ఎగువన ఉప్పునీరు ఒక్క దెబ్బలో పోయాలి. ప్రతి 5 సెకన్లకు అంకె నమోదు చేస్తూ, మళ్లీ మొదటి అంకెకు వచ్చేదాకా ఆగాలి. 200 సెకన్లపాటు వాహకత సగటున 20 మైక్రోసీమెన్లు (మీటరు చూపించే కొలమానం) పెరిగిందనుకుంటే, మొత్తం 4,000. అదే వాగు నీటిలో తెలిసిన ఉప్పు కలిపి చూస్తే, ఒక మైక్రోసీమెనుకు లీటరులో సుమారు అర మిల్లీగ్రాము అని తేలుతుంది. అంటే 2,000. ఇరవై లక్షల మిల్లీగ్రాముల ఉప్పును దానితో భాగిస్తే సెకనుకు 1,000 లీటర్లు, దాదాపు 35 క్యూసెక్కులు. మధ్యలో నిలవనీటి మడుగు ఉంటే ఉప్పు అక్కడ చిక్కుకుని గంట తర్వాత కూడా కారుతుంటుంది. అడుగున కరగని ఉప్పు మిగిలితే ప్రవాహం ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. చల్లటి నీటిలో ఉప్పు కరగదని విసుగుతో ముద్దలుగానే పోసేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

ఇంట్లో కూర్చుని చేయగలిగేది కూడా ఒకటుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం. ఐదు రోజులకోసారి, 10 నుంచి 20 మీటర్ల స్పష్టతతో వస్తాయి. మంచు ఆకుపచ్చ కాంతిని తిప్పికొడుతుంది, కంటికి కనిపించని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌ కాంతిని పీల్చేస్తుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది 0.4 దాటితే మంచు అనుకోవచ్చు. మేఘం మామూలు ఫొటోలో మంచులాగే ఉన్నా ఈ లెక్కలో పట్టుబడుతుంది. రాళ్లు కప్పిన ఐస్ మాత్రం దీనికి చిక్కదు, కొండనీడ మోసం చేస్తుంది. మే ఒకటో తేదీ ప్రాంతంలో చౌఖంబా వాలుల మీద మంచుగీత ఏ ఎత్తున ఉందో ఐదారేళ్ల చిత్రాల్లో వరసగా చూడండి. ఏ ఏడాది వసంతం ఎలా నడిచిందో కళ్లకు కడుతుంది.

కొండ నీళ్లివ్వడంలోనే ప్రమాదమూ ఉంది. 2013 జూన్‌లో రుతుపవనాలు ముందే వచ్చేశాయి. చోరాబారీ దగ్గర వాడియా సంస్థ పరికరం జూన్ 15 సాయంత్రం నుంచి 24 గంటల్లో 325 మిల్లీమీటర్ల వాన నమోదు చేసింది. కేదారనాథ్ ఎగువన రాళ్లగట్టు వెనక నిండిన చోరాబారీ తాల్ 17 ఉదయం తెగింది. వాన మంచును కరిగించేసిందని చాలామంది అనుకుంటారు. 5 డిగ్రీల వాన 50 మిల్లీమీటర్లు పడినా, ఆ నీటి వేడికి కరిగేది 3 మిల్లీమీటర్లే. అసలు వేడి తేమగాలి నుంచి వస్తుంది. కిలో ఆవిరి మంచు మీద నీరుగా మారితే ఏడు కిలోలకు పైగా మంచు కరుగుతుంది. దానికితోడు, మంచుగా పడి ఆగవలసింది వానగా పడి అప్పటికప్పుడే కిందికి వస్తుంది. 2021 ఫిబ్రవరి 7న చమోలీలో జరిగింది వేరు. 6,063 మీటర్ల రోంటి శిఖరం నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ ఐసూ కలిసి కూలాయి. అందులో రాయే దాదాపు 80 శాతం. పడే దారిలో రాపిడికి ఐస్ కరిగి, ఆ నీరే బురద వరదై రిషిగంగ, ధౌలిగంగ లోయల్లో 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. సరస్సు తెగిందన్న మొదటి వార్త తప్పు. ఫిబ్రవరిలో, నీళ్లు లేని కాలంలో వరద రాదన్న నమ్మకమే ఆ రోజు కొంప ముంచింది.

మిగిలింది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. చౌఖంబా కింద ఉన్న ఊళ్లు తాగే నీరు ఎక్కువగా చౌఖంబా ఐస్ నుంచి రాదు. నది వందల మీటర్ల లోతున లోయలో పోతుంది, ఊరు పైన వాలు మీద ఉంటుంది. వాళ్లకు ఆధారం ధారలు, కొండపక్కన రాతి సందులోంచి ఊరే ఊటలు. వాటిని నింపేది ఆ ఊరి పైనున్న నడిమి కొండల మీద పడే వాన, చలికాలంలో అక్కడ కొన్ని రోజులు నిలిచే పలచటి మంచు. వాన వాలు మీద జారిపోతుంది. మంచు బొట్టుబొట్టుగా కరిగి నేలలోకి దిగుతుంది. అందుకే 2,000 నుంచి 3,000 మీటర్ల మధ్య మంచు పడని చలికాలం, శిఖరం తెల్లగానే కనిపిస్తున్నా, మే నెలలో ధార మీద దెబ్బ వేస్తుంది.

ధారను కొలవడానికి బకెట్, గడియారం చాలు. 10 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600. మనిషికి 55 లీటర్ల లెక్కన 390 మందికి సరిపోతుంది. మేలో అదే బకెట్ నాలుగు నిమిషాలు తీసుకుంటే రోజుకు 3,600 లీటర్లు, 65 మందికే. అదే బకెట్‌తో, అదే వేళ, పదిహేను రోజులకోసారి, మూడుసార్లు నింపి సగటు రాయాలి. పక్కనే వానమాపకం ఉండాలి. వాన పడ్డ రెండు మూడు రోజులకే ధార పెరిగి తగ్గిపోతే నీరు దగ్గర నుంచి, పై పొరల్లోంచి వస్తోంది. వారాల తర్వాత మెల్లగా పెరిగితే దూరం నుంచి వస్తోంది.

నీటిగుంటలు తవ్వే ముందు ఇది తేలాలి. గఢ్వాల్‌లో చాల్, ఖాల్ అని పిలిచే పాత కుంటలు గట్టు మెడల మీద, అంటే కొండ వెన్ను కాస్త దిగిన చోట్ల, ఉండడానికి కారణం ఉంది. నీరు వాలు చూసి కాదు, రాతిపొరలు ఒరిగిన వైపు చూసి లోపల నడుస్తుంది. ధారకు నీరిచ్చే చోటు చాలాసార్లు గట్టుకు అవతలి పక్కన ఉంటుంది. ఊరికి పైనే ఉంది కదా అని ఇవతల వాలు మీద కందకాలు తవ్వితే, నింపేది పక్క ఊరి ధారను కావచ్చు. రాతిపొరల ఒరుగు కొలిచి, ధార కొలతలు కనీసం ఒక పూర్తి సంవత్సరం చేతిలో పెట్టుకుని, అప్పుడు చోటు ఎంచుకోవాలి. కందకాలు సమోన్నత రేఖ (ఒకే ఎత్తున సాగే గీత) వెంబడి, అర మీటరు లోతు, ఒకదాని కింద ఒకటి కాకుండా తప్పించి తవ్వాలి. జారిన గుర్తులున్న వాలు మీద, వంగిన దేవదారు మొదళ్లు కనిపించే చోట అసలు తవ్వకూడదు. ఇంకిన నీరే ఆ వాలును ఊరి మీదికి దించుతుంది.